ఇంజను డ్రైవర్ల సంఘాలు ఎట్లా పుట్టినయి?

కాజీపేట నుండి బల్లార్షాకు పోయే రైలు లైను నిజాం రాజ్యంలో, 1920ల చివర పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ అన్నీ దాని మీదివే. సెలవులకు మనలో చాలామంది ఇంటికి పోయేది ఆ లైనులోనే. అయితే బండి నడిపినవాళ్ల గురించి మన సాంఘికశాస్త్రం పుస్తకంలో లేదు. అందుకే ఈ వ్యాసం.

ఆవిరి ఇంజను నడపడం ఒక్కరోజులో వచ్చే పని కాదు. మొదట క్లీనరుగా చేరి ఇంజను తుడవాలి. తర్వాత ఫైర్‌మన్. పొయ్యిలో బొగ్గు ఊరికే పారతో ఎత్తిపోస్తే సరిపోదు, అంతటా పలచగా, సమంగా పడాలి. లేకుంటే ఆవిరి తగ్గి ఎత్తు మీద బండి ఆగిపోతది. ఆ తర్వాత షంటరు, ఆ తర్వాతనే డ్రైవరు. ఏండ్లు పట్టేది. కాబట్టి డ్రైవర్లు పని ఆపితే తెల్లారేసరికి వాళ్ల జాగాలో కొత్తవాళ్లను తేవడం కంపెనీ వల్ల కాదు. వాళ్ల బలం అంతా ఇదే.

అమెరికాలో 1863లో, ఇంగ్లండులో 1880లో డ్రైవర్లు తమకంటూ వేరే సంఘాలు పెట్టుకున్నారు. గానీ అమెరికా సంఘం నల్లవాళ్లను చేర్చుకోలేదు. ఎన్నేండ్లు బొగ్గు వేసినా నల్ల ఫైర్‌మన్‌ను డ్రైవరు కానియ్యలేదు. పనితనం గొప్పదే, కానీ దాని పేరుతో తలుపు మూసుడు నాకైతే నచ్చలేదు.

మన దేశంలో 1970లో లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషన్ ఏర్పడింది. అప్పట్లో డ్యూటీ ఎక్కితే ఎప్పుడు దిగుతారో తెలిసేది కాదు. 1973 ఆగస్టులో వాళ్లు సమ్మె చేస్తే, 10 గంటల డ్యూటీకి ప్రభుత్వం ఒప్పుకుంది.

మరుసటి ఏడు, 1974 మే 8న, డ్రైవర్లు ఒక్కరే కాదు, అన్ని రకాల రైల్వే కార్మికులు కలిసి సమ్మెకు దిగిండ్రు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2వ తేదీనాడే అరెస్టు చేసిండ్రు. వేలమందిని జైల్లో పెట్టిండ్రు, క్వార్టర్ల నుండి కుటుంబాలను ఖాళీ చేయించిండ్రు. 20 రోజులకు సమ్మె విరమించుకోవలసి వచ్చింది. ఇంకో విచిత్రం వినండి. అప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరి. మన తెలుగాయనే. 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘం కట్టి, 1928లో సమ్మె నడిపింది ఆయనే!

సమ్మె ఓడిపోయిందని అంటారు. అయితే తీసేసినవాళ్లను 1977లో వచ్చిన జనతా ప్రభుత్వం మళ్లీ తీసుకుంది. 1979లో బోనసు వచ్చింది.

1974 కోరికల్లో ఒకటి దగ్గర నేను ఆగి రెండుసార్లు చదివిన. రోజుకూలీ మీద లైను పనిచేసే క్యాజువల్ కూలీలను పర్మనెంటు చేయాలన్నది అది. మా తాత కంకర ఎత్తిపోసింది ఆ కూలీగానే. ఇంజను మీద కూర్చున్నాయన, కింద పట్టాల పక్కన గంప మోసేటాయన ఒక్క కాగితం మీదికి వచ్చిండ్రు. ఆ కూలీల కోసం పథకం పెట్టాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1985లో, ఇంద్రపాల్ యాదవ్ కేసులో. మా తాత అప్పటికే ఆ పని మానేసి జొన్న చేను చూసుకుంటున్నడు.