'నీ ఇష్టం' అను మాట

వర్షాకాలమంతయు మన్ను మోసికొని, కలగిపోయి పరుగులెత్తిన గోదావరి, ఆశ్వయుజము గడచి కార్తీకము ప్రవేశించుసరికి వేగము తగ్గించుకొని, తెచ్చుకొన్న బరువును మెల్లగా అడుగునకు దింపుకొని తేటపడును. మన భాషలో నీటికిని మనసునకును ఇచ్చట ఒకే క్రియ చెల్లుచున్నది: ఏరు తేరుకొన్నదందుము, దుఃఖపడినవాడు తేరుకొన్నాడందుము. శరత్తు తేరుకొనుటకు ఏర్పడిన ఋతువు. మన పెద్దలు ఈ కార్తీకమునకు రెండు భోజనములను విధించుటలో ఎంతో ఔచిత్యమున్నది. శుద్ధ విదియనాడు సోదరి యింట భగినీహస్తభోజనము, మఱియొకనాడు ఉసిరిచెట్టు నీడలో బంధుమిత్రులతో వనభోజనము. మొదటిది రక్తబంధమును తేర్చును, రెండవది స్నేహమును తేర్చును.

ఈ రెండు బంధములను ఒకే బండిలో ఎక్కించుకొని, నేనును, నా తమ్ముడును, మా బాల్యమిత్రులు ముగ్గురును ఒక కార్తీకమున ఖమ్మమునుండి భద్రాచలమునకు రెండు దినముల ప్రయాణము చేసితిమి. వ్యక్తిత్వవికాసమును గూర్చి నేను చదివిన గ్రంథములు పెక్కు గలవు. అవి నేర్పలేని యొక పాఠమును నూటయిరువది కిలోమీటర్లకు లోబడిన ఆ దారి నాకు నేర్పినది. దానిని చదువరులకు నివేదించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

బయలుదేరుటకు పదిదినములు ముందుగానే నేనొక కాగితముమీద ప్రయాణక్రమమంతయు వ్రాసితిని. ఎన్ని గంటలకు ఖమ్మము విడువవలెను, ఎచ్చట ఫలహారము, ఎన్ని గంటలకు గోదావరి వంతెన, ఎన్ని గంటలకు దర్శనము, మఱునాడు తిరిగివచ్చి, ఖమ్మము దాటి ఏ వేళకు నేలకొండపల్లి, అన్నియు నిమిషములతో సహా అందులో నున్నవి. దానిని అందఱకును పంపి, "ఏమంటారు?" అని అడిగితిని. మిత్రులు సరే ననిరి. తమ్ముడు, "నీ ఇష్టం అన్నా" అనెను. చిన్ననాటినుండియు వాని నోట నేను విన్న మాట అదియే కనుక, దానిని సమ్మతిగా గ్రహించి సంతోషించితిని. నిర్ణయము ముగిసిన పిమ్మట అడిగిన ప్రశ్న ప్రశ్నయే కాదని అప్పటికి నాకు తోచలేదు.

తెల్లవారుజామున ఖమ్మము దాటి, నిజాము కాలపు వైరా జలాశయపు గట్టున మంచుతెర వీడుచుండగా కొంతసేపు నిలిచి, తల్లాడమీదుగా కొత్తగూడెము దిక్కుగా సాగితిమి. వరిచేలు పండుబారుచుండెను, పత్తిచేలలో తొలి ఏరుత నడుచుచుండెను, ఖమ్మపు మిర్చి యార్డును మాఘఫాల్గుణములలో ఎరుపెక్కింపనున్న మిరపతోటలు ఇంకను పచ్చగానే యుండెను. కొత్తగూడెము సమీపించుకొలది సమతలము తగ్గి, టేకును, మద్దియు, ఇప్పయు, వెదురును దారికి ఇరువైపుల చేరసాగెను. మా మిత్రులలో నొకడు ఈ నేలక్రిందనే సింగరేణి గనులలో చిరకాలము పనిచేసి విరమించినవాడు. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము ఆరంభమైన నాటినుండి ఎన్నో తరముల కుటుంబములను పోషించిన ఆ వృత్తిని గూర్చి అతడు చెప్పుచు, భూగర్భమున షిఫ్టు మొదలగుటకు ముందు పైకప్పును కఱ్ఱతో తట్టి చూచు పద్ధతిని వివరించెను. రాయి గట్టిగా అంటియున్నయెడల ఖణిల్లున మ్రోగునట. లోపల పొర విడిపోయియున్నయెడల డొల్లగా, కుండమీద తట్టినట్లు పలుకునట. "చూపుకు రెండూ ఒకటేరా, చెవికే తేడా తెలుస్తుంది" అని అతడనినపుడు, అది గనులకు సంబంధించిన సంగతిగా మాత్రమే నేను వింటిని.

పాల్వంచ దాటుచుండగా తమ్ముడు, "కిన్నెరసాని పక్కనేగా, ఒక గంట ఆగుదామా అన్నా?" అనెను. నేను గడియారము చూచితిని. మన క్రమములో అది లేదంటిని. ఆలస్యమైనచో ఆలయము తలుపులు మూయుదురంటిని. తిరిగివచ్చునపుడు చూతమంటిని, తిరుగుదారికి నేను వ్రాసిన క్రమములోను దానికి చోటు లేదని తెలిసియే అంటిని. వాడు కిటికీ వైపు తిరిగి, "సరే, నీ ఇష్టం అన్నా" అనెను. వెనుకనుండి గనిమిత్రుడు ఏమియు మాటలాడక నా భుజముమీద వేలితో రెండుమారులు తట్టెను. అప్పుడు వినబడినది నాకు. నలువది సంవత్సరములుగా గట్టిరాయి యని నేను నమ్ముకొన్న ఆ మాట, లోపల పొర విడిపోయి, డొల్లగా పలికినది.

కిన్నెరసాని యనగా విశ్వనాథ సత్యనారాయణగారి పాటలు చదివినవారికి ఉత్త యేరు కాదు. అత్తపోరు పడలేక అడవికి వెడలిన కోడలు భర్త కౌగిలిలోనే కరగి వాగైపోయినదనియు, భర్త శిలయై నిలిచెననియు ఆయన గానము చేసిరి. బడిలో మా తెలుగు పంతులుగారు ఆ పాటలు రాగముతో చదువుచుండిరనియు, ఆనాటినుండియు తమ్మునికి ఆ నీటిని చూడవలెనను కోరిక యున్నదనియు నాకు మఱునాటివఱకు తెలియదు. తెలియకపోవుటకు కారణ మొక్కటియే: నేనడుగలేదు. ఒకే కప్పుక్రింద పెరిగినవాని హృదయము మనకు సర్వము తెలిసినదనుకొనుట తోడబుట్టినవారి విషయమున మనము చేయు గొప్ప పొరపాటు. అపరిచితుని అడిగి తెలిసికొందుము, సోదరుని గుర్తుంచుకొందుము. మన జ్ఞాపకములోని సోదరుడు పదియేండ్లవాడు. బండిలో మన ప్రక్కను కూర్చున్నవాడు వేఱొకడు.

పాల్వంచకును సారపాకకును నడుమ, జామాయిల్ తోటలు అడవితో కలియుచోట, ఒక కోయ స్త్రీ గంపలో సీతాఫలములు పెట్టుకొని కూర్చుండెను. బండి ఆపితిమి. ఆమె ధర చెప్పుటకు ముందు మమ్ములనొక ప్రశ్న అడిగెను: "ఎప్పుడు తింటరు? ఇయ్యాల్నా, రేపా?" తమ్ముడు ఇప్పుడే యనెను, అతనికి కన్నులు విచ్చి మెత్తబడిన పండ్లను ఏరి ఇచ్చెను. మిత్రులలో ఉపాధ్యాయుడైనవాడు ఇంటికి కొనిపోవలెననెను. అతనికి గట్టికాయలను ఏరి, ఆకులలో చుట్టి ఇచ్చెను. ఒక్కొక్కని అడిగి, ఒక్కొక్కనికి వేఱుగా ఏర్చి, అయిదుగురను తృప్తిపఱచి పంపుటకు ఆమెకు పట్టిన కాలము అయిదు నిమిషములు. పదిదినములు శ్రమించి నేను వ్రాసిన క్రమములో ఆ ప్రశ్నకు చోటు లేదు. నేను అందఱకును ఒకే పండు, నాకు పండినదే, పంచియుంటిని.

వంతెన దాటి భద్రాద్రి చేరితిమి. చతుర్భుజుడైన రామచంద్రుడు, ఎడమతొడపై సీతమ్మ, ప్రక్కనే లక్ష్మణస్వామి. తమ్ముడు లేక అన్నకు దర్శనము లేదు. పాల్వంచ తహసీలుదారుగా నుండి ఈ ఆలయము కట్టించి, తానీషా చెఱలో పండ్రెండేండ్లు మగ్గిన కంచర్ల గోపన్న కథ తెలుగునాట పసిపిల్లలకు సైతము తెలిసినదే. ఆ కథలో నాకానాడు క్రొత్తగా కనబడిన సంగతి యొకటి. ఆరు లక్షల వరహాల ఋణము చెల్లించుటకు స్వామి ఒంటరిగా రాలేదు. రామోజి, లక్ష్మోజియై, అన్నదమ్ములిద్దఱును కూడియే వచ్చిరని మన ప్రజలు చెప్పుకొనిరి. అన్న మీది భారమును మోయుటకు తమ్ముడు వెంట రావలయునని ఆ కథ నల్లినవారి హృదయమునకు తెలియును.

అపరాహ్ణమున దుమ్ముగూడెము మండలములోని పర్ణశాలకు పోయితిమి. సీతారాములు వనవాసమున ఇచ్చటనే కుటీరము కట్టుకొనిరని ఈ ప్రాంతపు జనుల విశ్వాసము. ఉపాధ్యాయమిత్రుడు మమ్ములను నీటియొడ్డున కూర్చుండబెట్టి, అరణ్యకాండములో వాల్మీకి పంచవటీ కుటీరనిర్మాణమును వర్ణించిన సర్గమును జ్ఞాపకము చేసెను. ఆశ్రమమునకు అనువైన చోటు వెదకుమని రాముడు తమ్ముని కోరెను. ఆ చోటు ఎట్టిదిగా నుండవలెననగా, సీతకును, నీకును, నాకును ముగ్గురకును మనసు రమించునట్టిది కావలెననెను. లక్ష్మణుడు చేతులు జోడించి, నూఱేండ్లు గడచినను నేను నీ అధీనుడనే, నీకు నచ్చిన చోట కట్టుమని నీవే ఆజ్ఞాపింపుమనెను. రాముడు సంతోషించి, స్థలము నిర్ణయించి, తమ్ముని చేయి పట్టుకొని అచ్చటికి తోడ్కొనిపోయి చూపెను. కుటీరము పూర్తియైన పిమ్మట వానిని గాఢముగా ఆలింగనము చేసికొని, మనసెఱిగినవాడవు, మేలెఱిగినవాడవు, ధర్మమెఱిగినవాడవు, నీవుండగా మన తండ్రి గతించినవాడు కాడని పలికెను.

ఆ సర్గమును నేను మునుపు విననివాడను గాను. కాని ఆనాడు అది నన్నుద్దేశించియే పలికినట్లుండెను. లక్ష్మణుడును "నీ ఇష్టం" అనియే అనెను! మాట అదియే. భేదమంతయు ఆ మాటకు ముందు జరిగినదానిలోను, వెనుక జరిగినదానిలోను ఉన్నది. రాముడు ముందు అడిగెను. తన యిష్టము నొక్కటినే కాక ముగ్గురి యిష్టమును లెక్కలోనికి తెచ్చి అడిగెను. పని ముగిసిన తరువాత కౌగిలించుకొని, ఎంత మేలు పొందెనో నోటితో చెప్పెను. అడుగబడినవాడు "నీ ఇష్టం" అన్నప్పుడు అది ప్రేమ. అడుగబడనివాడు అదే మాట అన్నప్పుడు అది మూతపడిన తలుపు. మొదటిది ఖణిల్లున మ్రోగును, రెండవది డొల్లగా పలుకును. కుటుంబములలో పెద్దలైనవారు, కార్యాలయములలో అధికారులైనవారు, స్నేహితులలో ముందు నడచువారు ఈ రెండు ధ్వనుల భేదమును వినగలుగుటయే నాయకత్వమని నా అభిప్రాయము.

సాయంసమయమున భద్రాచలపు స్నానఘట్టమున కూర్చుంటిమి. గోదావరి మెట్ల క్రింద, తేటగా, చప్పుడులేక పాఱుచుండెను. ఈ నదియే 1986లో ఇచ్చట 75.6 అడుగుల ఎత్తునకును, 2022లో 71.3 అడుగులకును పొంగినది. నలువదిమూడడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, నలువదియెనిమిదికి రెండవది, ఏబదిమూడింటికి మూడవది యని ఇచ్చటి ప్రజలు వేళ్లమీద చెప్పుదురు. మొదటి హెచ్చరికకే మూటాముల్లె సర్దుకొనువాడు బ్రతికి బయటపడును. అన్నదమ్ములు ఆస్తి తగవులతో న్యాయస్థానమున నిలుచుట మూడవ హెచ్చరికకును పై మాట. కిటికీ వైపు తిరిగి పలికిన "నీ ఇష్టం" మొదటిది. ఆ మట్టముననే లేచి సర్దుకొనువాడు వివేకి.

నేను తమ్ముని అడిగితిని: "రేపు ఏం చేద్దాంరా?" వాడు అలవాటుచొప్పున, "నీ ఇష్టం అన్నా" అనెను. "నా ఇష్టం కాదురా, నీది చెప్పు" అంటిని. వాడు చాలసేపు నీటివైపే చూచెను. నాకు ఓపిక లేదు. అయినను మాట తోడీయక ఊరకుంటిని. అడిగిన తరువాత నిరీక్షించుట అడుగుటకంటె కష్టమని అప్పుడెఱిగితిని. తుదకు, "కిన్నెరసాని పోదాం. ఏమీ చెయ్యొద్దు, నీళ్లు చూస్తూ ఊరికే కూర్చుందాం" అనెను.

మఱునాడట్లే చేసితిమి. కాగితములో మిగిలిన స్థలములు మిగిలిపోయినవి. జలాశయపు గట్టున కూర్చుండి తమ్ముడు పంతులుగారిని గూర్చి, నేను పైచదువులకు వెళ్లిన పిమ్మట ఇంటిలో తానొక్కడును గడపిన సంవత్సరములను గూర్చి, నాన్నగారి చివరిదినములను గూర్చి, నేనెన్నడును వినని సంగతులు చెప్పెను. నా తండ్రిని గూర్చి నాకు తెలియని కథ సగము నా తమ్మునియొద్ద భద్రముగా నున్నదని నాకు ఏబదియేండ్లు దాటిన పిదప తెలిసినది.

వ్యక్తిత్వవికాసమనగా వేదికపై ధారాళముగా మాటలాడుటయనియు, పదిమందిని మన మాటకు ఒప్పించుటయనియు నేడు పెక్కుమంది భావించుచున్నారు. అవియు గొప్ప గుణములే. కాని ఒప్పించుట నేర్చినవానికి విననేర్పు లేకున్న, వాని చుట్టు సమ్మతులు పెరుగును, ఆత్మీయులు తరుగుదురు. కనుక ప్రయాణమునకైనను, వివాహమునకైనను, గృహనిర్మాణమునకైనను, కాగితము తీయకముందే తోడివారి నొక్కొక్కరిని వేఱుగా పిలిచి, నీకేమి కావలెనని అడుగవలెను. వెంటనే సమాధానము రాకున్న ఆగవలెను. దినములో కొంత కాలమును ఏ పనికిని కేటాయింపక విడిచియుంచవలెను. మనసులోని మాట ఖాళీకాలముననే గాని బయటపడదు. పని ముగిసినపుడు, మనవారికి కృతజ్ఞత చెప్పుట యేమని సంకోచింపక, రాముడు చెప్పినట్లు నోరార చెప్పవలెను. చిన్నవారును తమవంతుగా, కోరిక యున్నపుడు దానిని "నీ ఇష్టం" క్రింద దాచక, వినయముతోనే బయటపెట్టవలెను. దాచిన కోరికను ఊహింపలేదని పెద్దలను నిందించుట న్యాయము కాదు.

చదువరీ! ఈ కార్తీకమున నీవును నీ తోడబుట్టినవారిని, బాల్యమిత్రులను కూర్చుకొని ఏ యేటియొడ్డునకో వనభోజనమునకు పొమ్ము. పోవు చోటు దూరమైనదా, దగ్గఱదా యన్నది ముఖ్యము కాదు. బండి కదలకముందు వారి నడుగుము. అడిగి, వారు చెప్పువఱకు ఊరకుండుము.