ఎత్తే ముందు ఆపడం నేర్చుకోండి

ఇక్కడ టెక్సాస్‌లో నాకు తెలిసిన మనవాళ్ళు కొందరు పాత సెయిల్‌బోట్లు కొంటున్నారు. ఎక్కువగా కాటలినా 22. 1969లో మొదలై 15,000కు పైగా తయారైన పడవ అది. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకోవచ్చు. కాబట్టి సరస్సుకు వెళ్ళినప్పుడల్లా 25 అడుగుల అల్యూమినియం మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) ఎత్తాలి, తిరిగొచ్చేటప్పుడు దించాలి. నీళ్ళ మీద కంటే ఈ పనిలోనే ఎక్కువమందికి దెబ్బలు తగలడం చూశాను. అన్ని పాఠాలకూ మూలం ఒకటే: మాస్ట్ ఏ క్షణంలోనూ కేవలం మన భుజబలం మీద నిలబడి ఉండకూడదు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలగాలి.

1. ముందు ఆకాశం చూడండి. కరెంటు తీగ కింద మాస్ట్ ఎత్తడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. అల్యూమినియం మాస్ట్, స్టీలు తీగలు రెండూ కరెంటును మోస్తాయి. దగ్గరికి వెళ్తే చాలు, తగలకుండానే కరెంటు దూకొచ్చు. ఇలాంటి ప్రమాదాల వల్లే 1980ల్లో హోబీ 16 పడవకు మాస్ట్ పైభాగాన్ని కరెంటును మోయని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టారు. మీరు నిలబడ్డ చోటే కాదు, అక్కడినుంచి ర్యాంప్ దాకా ఉన్న దారంతా నడిచి చూసి రండి.

2. ట్రైలర్‌ను కారుకు తగిలించే ఉంచండి. విడిగా ఉన్న ట్రైలర్ మీద ఇద్దరు మనుషులు పడవ వెనక భాగం ఎక్కితే ముందుభాగం లేచిపోవచ్చు. నేల చదునుగా ఉండాలి. పడవ ఒక పక్కకు ఒరిగి ఉంటే లేస్తున్న మాస్ట్ కూడా ఆ పక్కకే తూలుతుంది. గాలి గట్టిగా వీస్తుంటే ఆ రోజుకు మానుకోండి.

3. ఏ తీగ తగిలించాలో, ఏది వదలాలో ముందే తేల్చుకోండి. మాస్ట్ వెనక్కి పడుకుని ఉంటుంది, ముందుకు లేస్తుంది. పక్క ష్రౌడ్లు (మాస్ట్‌ను పక్కలనుంచి పట్టి ఉంచే తీగలు), వెనక ష్రౌడ్లు, బ్యాక్‌స్టే (వెనక తీగ) తగిలించి వదులుగా ఉంచాలి. ముందువైపు ష్రౌడ్లు మాత్రం విప్పి ఉండాలి, మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు వాటి పొడవు చాలదు. మాస్ట్ అడుగున బోల్టు పడిందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

4. అసలు బరువంతా మొదట్లోనే. మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు పడవ ముక్కు దగ్గరనుంచి తాడు లాగితే ఆ బలం దాదాపు మాస్ట్ పొడవునా పోతుంది గాని పైకి ఎత్తదు. జిన్ పోల్ ఉన్నది అందుకే. మాస్ట్ అడుగు దగ్గర ఒక గట్టి కర్రను నిటారుగా నిలిపి, రెండు పక్కలా తాళ్ళు కట్టి, దాని కొసకు జిబ్ హాలియార్డ్ (ముందు తెరచాపను ఎత్తే తాడు), ముక్కువైపు మెయిన్‌షీట్ కప్పీలు తగిలించండి. క్లీట్ (తాడును బిగబట్టే పట్టు) తాడును పట్టుకుంటుంది. చెయ్యి జారినా మాస్ట్ ఉన్నచోటే ఉంటుంది.

5. ఆగిందంటే లాగకండి. ష్రౌడ్ ఏదో హ్యాచ్ మూలకో వించ్‌కో చిక్కుకుని ఉంటుంది. టర్న్‌బకిళ్ళను (తీగలను బిగించే మరలను) మరీ జాగ్రత్తగా చూడండి. అవి అడ్డంగా పడి బిగుసుకున్నప్పుడు ఇంకొంచెం లాగితే మరలున్న కడ్డీ వంగిపోతుంది. వంగినదాన్ని సరిచేసి వాడకండి, మార్చేయండి. నీళ్ళ మీద మాస్ట్‌ను నిలబెట్టేవి అవే.

6. నిలబడగానే పని అయిపోయినట్టు కాదు. ఫోర్‌స్టే (ముందు తీగ) క్లెవిస్ పిన్ను పడి, దానికి కాటర్ రింగు ఎక్కేదాకా లాగిన తాడు వదలకండి. తర్వాత విప్పి ఉంచిన ముందువైపు ష్రౌడ్లు తగిలించి, ఒక్కో తీగ దగ్గరికీ వెళ్ళి పిన్నును వేలితో తాకి చూడండి.

7. దించడం ఇంకా కష్టం. ఎత్తేటప్పుడు పోను పోను బరువు తగ్గుతుంది, దించేటప్పుడు పెరుగుతుంది. అంటే చేతులు అలసిపోయాకే ఎక్కువ బరువు పడుతుంది. ముందు తెరచాపలు, బూమ్ తీసేయండి. వెనక క్రచ్ (మాస్ట్ ఆనే ఊతం) నిలపండి. జిన్ పోల్, కప్పీలు తిరిగి బిగించి, ఆ తాడు మీద బరువు పడ్డాకే ముందువైపు ష్రౌడ్లు విప్పి, ఫోర్‌స్టే పిన్ను తీయండి. బావిలోకి చేద దించినట్టు తాడును కొద్దికొద్దిగా వదలాలి. మాస్ట్ పడే దారిలో పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ నిలబడకూడదు.

8. ‘ఆగు’ అనే హక్కు అందరికీ ఇవ్వండి. తాడు పట్టుకున్నవాడికి వెనకేం జరుగుతోందో కనబడదు. కింద నిలబడ్డ మీ ఆవిడకో, పదేళ్ళ కూతురికో చిక్కుకున్న తీగ ముందు కనిపించవచ్చు. ఎవరు ‘ఆగు’ అన్నా సరే, ఎందుకని అడగకుండా తాడు క్లీట్‌లో వేసి ఆగండి, తర్వాతే అడగండి. వాళ్ళు పొరబడి ఉంటే పోయేది ఒక్క నిమిషం. ఆ నిమిషానికి విసుక్కుంటే మాత్రం రెండోసారి ఎవరూ నోరు తెరవరు.