తూకపు సంచి

నేను పదునేడేండ్లుగా ఏ.ఎన్.ఎం. ఉద్యోగము చేయుచున్నాను, మొదట కుప్పము వైపు, ఇప్పుడు పుంగనూరు పల్లెలలో, కాపురము మదనపల్లెలో. పోయిన వేసవిలో పందొమ్మిదేండ్ల బాలింత యొకతె, మగడు బెంగుళూరికి కూలికి పోగా, అత్తవారింటి వసారాలో తూకపు సంచిలో వేసి చూడగా రెండు కిలోలు నిండని బిడ్డతో నుండెను. ఆసుపత్రికి పోదమని నేననగా ఇంటివారు ఒప్పరైరి. నేను లేవబోగా ఆ పిల్ల నా కొంగు పట్టుకొని, "ఇంకా కొంచేపు కూచో నర్సమ్మా" అన్నది. ఇంకను నాలుగిండ్లున్నవని వచ్చివేసితిని. నెల నిండకమునుపే బిడ్డ పోయినది. నాటినుండి నిద్ర లేదు. నా పిల్లలపై ఊరక కసరుచున్నాను. మనసు రాయి చేసుకొమ్మని తోటివారందురు. నేనీ పనికి తగనా?

సోదరీ,

మనసు రాయి చేసుకొమ్మన్న మాట వినకుడు. రాయి వంటి మనిషిని ఆ పిల్ల కూర్చుండుమని అడిగి యుండెడిది కాదు. మీ చెంతనున్న ఆరోగ్యవరము ఆసుపత్రి వంటి చోట ఒక రోగి మరణించినచో, ఆ దుఃఖమును పంచుకొనుటకు ప్రక్కనే మరియొక నర్సు ఉండును; పరుల గడపలు ఒంటరిగా ఎక్కి దిగు మీకు, చూచినదానిని దింపుకొను తావే లేదు. అమెరికాలో పేద తొలిచూలు తల్లుల యిండ్లకు బిడ్డకు రెండేండ్లు నిండువరకు నర్సులను పంపు కార్యక్రమ మొకటి కలదు. అందు ప్రతి నర్సును వారమున కొక గంట పర్యవేక్షకురాలు కూర్చుండబెట్టుకొని, ఆమె మనసున నిలిచిన యిండ్లను గూర్చి వినును. అది దయ కాదు, ఉద్యోగములో భాగము. మీ ఆరోగ్యకేంద్రపు నెలసరి సమావేశములో లెక్కలు ముగిసిన పిదప అట్టి సమయమొకటి కావలెనని వైద్యాధికారిని అడుగుడు. అంతవరకు 14416 టెలిమానస్‌కు ఫోను చేయుడు. తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు. నిద్రలేమి ఇన్ని నెలలు సాగినది గనుక వైద్యునికి చూపించుకొనుట కూడ అవసరము.

మీరు కూర్చుండినచో బిడ్డ బ్రతికెడిదని నేను నమ్మను. అంత చిన్నబిడ్డకు కావలసినది ఆసుపత్రి, దానిని మీరు చెప్పనే చెప్పితిరి. ఆ పిల్ల అడిగినది తన కొరకు. మూడవనాటినుండి నలువది రెండవనాటివరకు ఆశా కార్యకర్త వచ్చు ఆరు రాకలును ముఖ్యముగా బిడ్డ కొరకే. బిడ్డ పేరు కొట్టివేయగనే ఆ వసారాకు పోవుటకు ఎవరికిని కారణము తోచదు. ఆ పిల్ల ఇంకను అచ్చటనే యున్నది. ఆశాను వెంటబెట్టుకొని, నాలుగిండ్లు లేని మధ్యాహ్నము చూచుకొని పొండు. తూకపు సంచి మాత్రము ఇంటనే విడువుడు.