పరీక్షకు నిలిచిన పసివారు

1947 డిసెంబరు నెలాఖరు. అమెరికాలోని బోస్టన్ నగరంలో పిల్లల వైద్యశాల. రక్తక్యాన్సరుతో కృశించిపోతున్న ఒక పసివానికి సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్ అనే కొత్త మందును సూదిద్వారా ఇవ్వనారంభించాడు. ఆ మందు పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

వ్యాధి చేసే విధ్వంసం సుబ్బారావు స్వయంగా ఎరిగినదే. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని కబళించింది. 1923లో బోస్టన్ చేరిన ఆయన, తరువాతి కాలంలో రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే కృషికి నాయకత్వం వహించాడు.

ఇక్కడొక విపరీతం జరిగింది. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఫార్బర్ మొదట రక్తక్యాన్సరు రోగులకు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా విజృంభించింది! మేలు చేయవలసినది వ్యాధికణాలకే బలమిచ్చింది. అయితే దానికి విరోధి ఆ కణాలను అణచవలెను కదా! అమినాప్టెరిన్ అటువంటిదే. చూపునకు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది. తాళంలో ఇరుక్కున్న మారు తాళపుచెవివలె కణవృద్ధిని స్తంభింపజేస్తుంది.

1948 జూన్ 3న ఫలితాలు వెలువడ్డాయి. పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించింది. కాని అది తాత్కాలికమే, వ్యాధి తిరగబెట్టింది. మందువల్ల నోరు పుండ్లు పడిన బాధ అదనం. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. సుబ్బారావును మనం స్మరిస్తాము. ఆ పిల్లలను తలచేవారు అరుదు.

నేడు మన రేగోడులో అరుదైన వ్యాధితో బాధపడే బిడ్డకు విదేశీ ఔషధ పరీక్షలో చోటు దొరికిందనుకొందాము. ఆ ఇంటివారు దానిని చికిత్సగానే భావిస్తారు. కాని అది ఇంకా జవాబు తెలియని ప్రశ్న. కొన్ని పరీక్షలలో కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో వైద్యునికీ తెలియదు. మనదేశంలో 2019 నాటి నియమాల ప్రకారం, రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి పొందాలి, ఎప్పుడైనా వైదొలగవచ్చు. పరాయి దేశంలో ఆ దేశపు నియమాలే వర్తిస్తాయి. కనుక సంతకానికి ముందే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. హాని కలిగితే వైద్యవ్యయం ఎవరిది? ప్రయాణానికి, బసకు ఎవరు భరిస్తారు? అన్నిటికన్న ముఖ్యం, తరచుగా అడగడం మరచేది: పరీక్ష ముగిసి, బిడ్డ రేగోడుకు తిరిగివచ్చిన తరువాత ఆ మందు అందుతుందా?