మందు పేరు తరవాత, ముందు మంచు సంగతి

చి॥ శీనుకి,

నువ్వు పంపిన కీరదోస ఆకు ఫోటో చూశాను. కింద “ఏం మందు కొట్టమంటావు పెదనాన్నా” అని ఒక్క ముక్క! ఫోన్లో చెబితే మందు పేరొక్కటీ రాసుకుని కొట్టుకి పరిగెడతావు, మిగతాది గాలికి పోతుంది. అందుకే ఉత్తరం.

ఫోటోలో ఆకు పైభాగమే ఉంది. చూడాల్సింది అడుగు. పైన పసుపు మచ్చలు ఈనెల మధ్య ఇరుక్కుని పలకలు పలకలుగా ఉంటే బూజు తెగులని అనుమానించాలి. వేరే పాదుల ఆకుల మీద మచ్చ అంత పలకగా రాకపోవచ్చు. ఒక పని చెయ్యి. ఆ ఆకును తడిగుడ్డతో పాటు కవర్లో పెట్టి రాత్రికి మూతి కట్టు. తెల్లారి తీసి, అడుగుభాగాన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టి చూడు. మచ్చల కింద బూడిదరంగూ ఊదారంగూ కలిసిన నూగు, ఎలుక బొచ్చులా కనిపిస్తే బూజు తెగులే. విభూది చల్లినట్టు ఆకు పైనే తెల్లగా ఉంటే అది బూడిద తెగులు, వేరే జబ్బు. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు తగలేస్తారు. గంధకం బూడిదకి పనిచేస్తుంది గానీ బూజుకి చెయ్యదు, పైగా ఎండలో దోసాకుల్ని మాడుస్తుంది. కార్బెండజిమ్ కొట్టినా దీనికి ఉత్త నీళ్లు కొట్టినట్టే. ఎందుకంటే ఈ బూజు అసలు సిసలు శిలీంధ్రం కాదు, నీటి నాచులకి దగ్గరి చుట్టం. తడి ఉంటేనే దాని బతుకు.

దాని బీజాలు గాల్లో వచ్చి ఆకు మీద పడతాయి. తడి దొరక్కపోతే ఎండి చస్తాయి. దొరికిందా, చల్లటి పూట రెండు మూడు గంటల్లో ఆకు రంధ్రాల్లోకి దూరి, నాలుగు రోజులకో పది రోజులకో మచ్చై తేలతాయి. మన లంకల్లో ఈ చలి నెలల్లో మంచు ఎండెక్కేదాకా ఆకు మీదే ఉంటుంది. అది మన చేతిలో లేదు. కానీ నువ్వు సాయంత్రం పని నుంచి వచ్చాక పైపుతో పాదుల మీద నీళ్లు కొడుతున్నానన్నావే, అది నీ చేతిలోదే! నీళ్లు పొద్దున్నే పెట్టు, మొదళ్లలోనే పెట్టు. డ్రిప్పు వేస్తే ఇంకా మంచిది. తీగను పందిరెక్కించు, గుబురు పల్చన చెయ్యి. అడుగున మచ్చపడిన ఆకుల్ని మంచు ఆరాకే కోసి, సంచిలో వేసి బయట పూడ్చెయ్యి. తడిలో తీగల మధ్య తిరిగితే నీ చొక్కానే తెగులు మోస్తుంది. కాపైపోయిన పాత పాదుల్ని గట్టున అలాగే వదలకు, పీకెయ్. ఈ బూజు బతికున్న పాదు మీదే బతుకుతుంది.

ఇక నా బుద్ధితక్కువ పని. ఒక ఏడు మెటలాక్సిల్ కలిసిన మందు వరసగా నాలుగుసార్లు కొట్టాను. మొదటిసారి అద్భుతం, నాలుగోసారికి చలనం లేదు. బూజు దానికి అలవాటు పడిపోయింది. ఇజ్రాయెల్ దోస రైతులకు 1980కి అటూ ఇటుగానే ఈ అనుభవం అయిందని తరవాత చదివాను. తట్టుకునే విత్తనం ఉందిగా అంటావేమో. అమెరికా వాళ్ల కీరదోసకి ఆ గుణం మన దేశపు దోస విత్తనం నుంచే వెళ్లింది. దాదాపు నలభై ఏళ్లు కాపాడి, 2004లో చేతులెత్తేసింది.

అసలు సంగతి అది కాదు. ఆ రోజుల్లో మీ పెద్దమ్మ గట్టు చివర రెండు పాదులకి మందు తగలనిచ్చేది కాదు. ఇంట్లోకి ఆ కాయలే. ఒకరోజు బేరగాడు గంపలోంచి కాయ తీసి, లుంగీకి తుడిచి అక్కడే కొరికాడు. నేను ముందురోజే కొట్టి ఉన్నాను. వద్దనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు.

కీరదోస రోజు విడిచి రోజు కోస్తాం, జనం పచ్చిగా తింటారు. డబ్బా మీద పచ్చ త్రికోణం చూసి మురిసిపోకు. ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత విషమన్నదే అది చెబుతుంది, కాయలో మిగిలేదాని సంగతి చెప్పదు. మాంకోజెబ్ అనే మందుకీ ఆ పచ్చ రంగే. ఐరోపా వాళ్లు 2020లో దాని అనుమతి పొడిగించలేదు. ఏది కొట్టినా, కోతకి ముందు ఎన్నాళ్లు ఆగాలో లోపలి కాగితం మీద ఉంటుంది. ఆగగలిగితేనే కొట్టు.

నేనైతే మచ్చ కనబడగానే, లేదా ముసురు పట్టే ముందు, అర శాతం బోర్డో మిశ్రమం కొడతాను. 50 గ్రాముల మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్లలో, 50 గ్రాముల సున్నం ఇంకో అయిదు లీటర్లలో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే. తుత్తం నీళ్లని సున్నంలో పోస్తూ కలుపు, తిరగెయ్యకు. శుభ్రమైన కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రగా రాగి పట్టకూడదు. పడితే ఇంకాస్త సున్నం. వడగట్టి, రెండు మూడు తీగల మీద కొట్టి చూడు, లేతాకు మాడొచ్చు. బాగుంటే కాయలు కోసేశాకే తోటంతా కొట్టు. ఆ రోజుదారోజే వాడెయ్యి. ఇది రాకుండా ఆపుతుంది గానీ వచ్చిన మచ్చని మాన్పదు. అదేపనిగా కొడితే మట్టిలో రాగి పేరుకుంటుంది.

మధ్యాహ్నం మూడింటికి కొట్టడం మొదలుపెట్టు. అప్పటికి గుమ్మడి పూలు ముడుచుకుంటాయి, బీరపూలు ఇంకా విచ్చుకోవు, తేనెటీగలకి దెబ్బ తక్కువ, ఆకు చీకటిపడేలోపు ఆరుతుంది. నాజిల్ కింది నుంచి పైకి పట్టు, బూజు ఉండేది ఆకు అడుగునే.

ముందు ఆ కవరు పని చూడు. పొద్దున ఆకు అడుగు ఫోటో పంపు. నూగు లేకపోతే ఈ ఉత్తరంలో సగం నీకు అక్కర్లేదు, మనం వేరే జబ్బు సంగతి మాట్లాడుకోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న