వెంపలిచెట్టును పచ్చిరొట్ట యెరువుగ నుపయోగించుట

అడవి యంచులయందును, చెలకల గట్లపైనను, బంజరులయందును మొలచు వెంపలిచెట్టు నెఱుగని రైతు లేడు. అయినను దానిని కలుపని పెఱికి పాఱవైచుటయో, యెండిన పిమ్మట పొయ్యిలోనికి పంపుటయో తప్ప వేఱుపయోగమును విచారించువారు కొలదిమందియే. పశువుల పేడ పిడుకలై కాలిపోవుచుండ, పిండి యెరువులను వెలయిచ్చి కొనుట యందఱికి సాధ్యము గాకుండ, తరి పొలమునకు వలయు సత్తువ గట్టుననే మొలచియుండుట గమనింపదగిన విషయము.

ఈ చెట్టు కంది, పెసర, జనుము మొదలగువాని జాతికి జేరినది. పూవులు ఊదారంగు గలవి; కాయలు బల్లపరుపుగ, కొంచెము వంపుగ నుండును. నీలిచెట్టును జూచి వెంపలి యని భ్రమపడువారు గలరు. చిన్న యాకు నొకదానిని కొనబట్టి లాగినచో వెంపలియాకు అడ్డముగ తెగక, ఈనెల వెంబడి బాణపు పింజవలె చీలును. సంస్కృతమున దీనికి శరపుంఖ యను పేరు వచ్చుట కిదియే కారణము. వేళ్లను పెల్లగించి చూచిన చిన్న బుడిపెలు కనబడును. ఇవి తెగులు గావు. వీనియందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టున కిచ్చును; చెట్టును దున్ని కలిపినపుడు అది భూమికి దక్కును.

చల్లిన విత్తనము మొలవలేదని కొందఱు దీనిని విడిచిపెట్టుదురు. దోషము విత్తనపు పైపొరది. అది గట్టిగ, మైనము పూసినట్లుండి నీటిని లోనికి రానీయదు. కావున విత్తనమును గరుకు ఇసుకతో కలిపి, పగులకుండ మెల్లగ రుద్దవలెను. లేదా 55 డిగ్రీల వేడిగల నీటిలో 2, 3 నిమిషములుంచి తీసి ఆరబెట్టవలెను. నీరు మఱగరాదు.

ఆబీ వరికోతకు ముందు మడిలో పదునుండగనే, 80 తులముల సేరు లెక్కను ఎకరమునకు 7, 8 సేర్లు వెదజల్లవలెను. మొదట పెరుగుదల మందముగ నుండును; అంతమాత్రమున నిరాశపడి దున్నివేయరాదు. ఇది వేసవి యెండకు తాళును. పశువులు దీనిని అంతగా మేయవు గనుక, కోతలైన పిమ్మట ఊరిమందలు పొలములపై పడు కాలమునను నిలుచును. నీరు నిలుచు మళ్లకును, తాబీ వేయు పొలములకును మాత్రము ఇది తగదు.

తొలకరి నీరు మడికి చేరినతోడనే దున్ని, త్రొక్కించి, 2, 3 వారములు మురుగనిచ్చి నాట్లు వేయవలెను. ఆలస్యమైన కొలది కాడలు చేవదేరును. అట్టి మొదళ్లు మురుగక నాటువేయు స్త్రీల కాళ్లకు గ్రుచ్చుకొనును. ఈ యాకు రసము చేపలకు మత్తు గలిగించును గాన రొట్టను చేపలుండు కుంటలలో వేయరాదు.

గట్టుపై కొన్ని చెట్లను ముదురనిచ్చి, కాయలు పగులకముందే ప్రొద్దుట కోసికొన్నచో మఱుసటి యేటికి విత్తనము కొన నవసరముండదు.