రశీదు ఎవరి పేరున ఉంది చెల్లీ?

చెల్లీ, మొన్న రాత్రి ఫోనులో అడిగావు గుర్తుందా? "కారైతే తెచ్చుకున్నామక్కా, షోరూమ్ అబ్బాయి వాచీ కూడా కొనుక్కోమంటున్నాడు. దాంతోనే ఏసీ వేయొచ్చట, డోర్లు లాక్ చేయొచ్చట, చార్జింగ్ ఎంతెక్కిందో చూడొచ్చట. కొనమంటావా?" అని. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అప్పుడు పెట్టేశాను గానీ, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఎలక్ట్రిక్ కారు మా ఇంటికొచ్చి మూడేళ్లు దాటింది. రోజూ పాల్వంచ నుంచి బూర్గంపాడు వైపు బడికి అందులోనే వెళ్లొస్తున్నాను. వాచీతో సంబరపడ్డ రోజులూ ఉన్నాయి, కట్టిన డబ్బే మళ్లీ కట్టి కడుపు మండిన రోజులూ ఉన్నాయి. రెండూ చెబుతాను, తీరిగ్గా విను.

ముందు సంబరం. పోయినేడు మే నెలలో అత్తయ్యను భద్రాచలం తీసుకెళ్లాను. దర్శనం అయ్యేసరికి ఒంటిగంట దాటింది. మెట్లు దిగుతుంటే రాయి అరికాళ్లను కాల్చేస్తోంది. ఒక చేత్తో అత్తయ్య రెక్క పట్టుకున్నాను, ఇంకో చేతిలో ప్రసాదం సంచీ. కారేమో కరకట్ట వైపు ఎండలో ఉంది. బయటే నలభై నాలుగు డిగ్రీలుంటే, మూసిపెట్టిన కారు లోపల ఇంకో ఇరవై కలుపుకో. అత్తయ్యను నీడ పట్టున కూర్చోబెట్టి వాచీ మీద రెండుసార్లు నొక్కాను. మేము మెల్లగా నడిచి వెళ్లి డోరు తీసేసరికి లోపల కుండలో నీళ్లలా చల్లగా ఉంది. అత్తయ్య సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చూసి, "ఇందాకటి నుంచి లోపల ఎవరు కూర్చున్నారే?" అంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఎండదెబ్బకు భయపడి మూడేళ్లుగా రాముణ్ని చూడలేదు. ఆ ఒక్క మధ్యాహ్నానికే వాచీ ఖరీదు తీరిపోయిందనుకున్నాను.

ఇంకోటి, గాలివాన రాత్రులు. చార్జింగ్ పెట్టి పడుకుంటాం, నడిరేయి కరెంటు పోతుంది. మళ్లీ వచ్చినా ఒక్కోసారి చార్జింగ్ దానంతటది మొదలవదు. పొద్దున్నే చూసుకుంటే ముప్పై శాతం దగ్గరే ఆగి ఉంటుంది, బడికి టైమైపోతుంది. వాచీ ఉంటే మణికట్టు మీద జుయ్యిమంటుంది, లేచి చూసుకుంటాను. ఈ రెండు పనులకీ నాకు వాచీ ఇష్టం. మిగతావన్నీ లేకపోయినా గడుస్తుంది.

ఇక అడవి సంగతి. మొన్న ఏప్రిల్లో చింతూరు వైపు వెళ్లాం. దారిలో చెట్టు కింద ఒక కోయ అక్క వెదురు గంపలో తునికి పండ్లు పెట్టుకుని కూర్చుంది. కారు పది అడుగుల దూరంలో ఎండలో ఆపాం. పండ్లు ఏరుకునేలోపు కారు చల్లబడుతుందిలే అని వాచీ నొక్కాను. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాను. అదే తిరుగుడు. ఆ అక్క నా చేతిని కాసేపు చూసి, "గడియారం ఆగిపోయిందామ్మా?" అని అడిగింది. కాదు, కారు తాళం కూడా దీంతోనే తీయొచ్చు, సిగ్నల్ అందట్లేదు అన్నాను. ఆమె రొంటిన దోపుకున్న తాళంచెవిని బయటికి తీసి చూపించి, మళ్లీ దోపుకుంది. మారుమాట్లాడలేదు. నేను సంచీలో చెయ్యి పెట్టి నా తాళంచెవి వెతుక్కున్నాను.

ఎందుకలా అయిందో చెబుతాను. వాచీ కారుతో నేరుగా మాట్లాడదు చెల్లీ. నువ్వు నొక్కిన మాట ఫోనుకి పోతుంది, ఫోను నుంచి ఇంటర్నెట్ మీద కారు కంపెనీ సర్వర్‌కి పోతుంది, అక్కడి నుంచి కారులోనే బిగించి ఉన్న సిమ్‌కి వస్తుంది. కారు కళ్లెదుటే ఉన్నా ఆ మాట లోకమంతా తిరిగి రావాల్సిందే. నీ ఫోనుకి సిగ్నల్ ఉంటే చాలదు, కారుకీ ఉండాలి. కిన్నెరసాని అడవిలోకో, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్‌లోకో వెళ్లినప్పుడు అది ఎంత దొరుకుతుందో నీకు తెలుసు. కొన్ని కార్లలో బ్లూటూత్‌తోనే పనిచేసే డిజిటల్ తాళం ఉంటుంది, దానికి సిగ్నల్‌తో పనిలేదు. మీ కారులో అది ఉందో లేదో అడుగు. ఉన్నా సరే, అసలు తాళంచెవి ఇంట్లో వదిలి అడవి దారి పట్టకు.

ఇప్పుడు డబ్బుల మాట. మీకు రోడ్డు టాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ లేకుండా పోయాయని మురిసిపోయావు. నిజమే, మన తెలంగాణలో 2024 నవంబర్‌లో ఇచ్చిన ఆ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. మంచి లాభమే. అది వందో యాభయ్యో కింద చుక్కలు చుక్కలుగా కారిపోకూడదనే ఇదంతా చెప్పడం.

నా మొదటి వాచీ మా బాబు కొనిచ్చాడు. కారు కంపెనీ యాప్ ఆ వాచీలో ఎక్కలేదు. వాడే వెతికి, ఎవరో బయటివాళ్లు చేసిన యాప్ ఒకటి నా డబ్బుతోనే నాలుగు వందల చిల్లరకి కొని పెట్టాడు. చార్జింగ్ శాతం వాచీ ముఖం మీదే కనిపించేది. బాగానే ఉంది. ఏడాదికి ఫోను పాడైంది. కొత్త ఫోనులో నా జీమెయిల్ పెట్టుకున్నాను, యాప్ మళ్లీ డబ్బులడిగింది. పాతది వాడి జీమెయిల్‌తో కొన్నదట! వాణ్ని పని మధ్యలో ఏం పిలుస్తాంలే అని కట్టేశాను. ఆ తర్వాత మీ బావగారు ప్రేమగా వేరే జాతి ఫోను కొనిచ్చారు. దానికి నా వాచీ జత కట్టలేదు. కొత్త వాచీ వచ్చింది, దాంట్లో మళ్లీ ఆ యాప్, మళ్లీ డబ్బు. ఒకే కారు, ఒకే మనిషి, ఒకే పని, మూడుసార్లు కట్టాను. డబ్బు పెద్దది కాదు. కానీ ఇచ్చినదాన్నే మళ్లీ ఇస్తున్నప్పుడు, నన్ను ఎవరూ గుర్తుపట్టట్లేదన్నట్టు ఒక బాధ ఉంటుంది చూశావా, అది చాలా రోజులు పోలేదు.

తర్వాత తెలుసుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోనులో కొన్న యాప్ గూగుల్ ప్లే లెక్కలో పడుతుంది. ఐఫోనులో కొన్నది యాపిల్ లెక్కలో పడుతుంది. ఈ లెక్క ఆ లెక్కలోకి మారదు. నీకు బస్సు సంగతి చెబితే ఇట్టే అర్థమవుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఖమ్మంలో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే భద్రాచలం దాకా హాయిగా కూర్చుంటాం. ఊరు దాటితే ఎటపాక, అది 2014లో ఆంధ్రలో కలిసింది. గోదారి అదే, అడవి అదే, కూర్చున్న మనిషీ అదే. కానీ సరిహద్దు అవతలికి ఆ జీరో టికెట్ చెల్లదు. యాప్ కొనుగోలూ అంతే, సరిహద్దు కంటికి కనిపించదు గానీ ఉంటుంది. యాపిల్ వాచీ ఆండ్రాయిడ్ ఫోనుతో జత కట్టదు. గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాతవి ఐఫోనుతో కట్టవు. ఒక్కోసారి మనం ఎక్కడికీ కదలకపోయినా సరిహద్దే మన మీద నుంచి జరిగిపోతుంది. సామ్‌సంగ్ 2021లో తన వాచీల్లో టైజెన్ అనే సాఫ్ట్‌వేర్ వదిలేసి గూగుల్ వారి వేర్ ఓఎస్‌కి మారినప్పుడు, పాత గడియారంలో డబ్బులిచ్చి కొన్న యాప్‌లు కొత్తదాంట్లో పనిచేయలేదు. అలా ఆంధ్రలో కలిసిన మన ముంపు మండలాల వాళ్లకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

యాప్ చేసినవాళ్లనూ అనలేం. యాపిల్ వాచీకి ఒక రకంగా, వేర్ ఓఎస్‌కి ఇంకో రకంగా మొదటి నుంచీ రాయాలి. నీ కొలతలకి కుట్టిన జాకెట్టు నాకు పట్టదు, టైలరమ్మ రెండో కూలి అడిగితే తప్పేముంది? పైగా కట్టిన దాంట్లో పదిహేను నుంచి ముప్పై శాతం దాకా దుకాణం నడిపే ఆ పెద్ద కంపెనీలకే పోతుంది. అయినా, నేను అదే మనిషినని చూపించుకునే దారి ఒకటి ఉండాలని నా పట్టుదల. కొన్ని యాప్‌లు ఆ దారి ఇస్తాయి కూడా: డబ్బు నీ పేరున వాళ్ల సొంత ఖాతాలో కట్టించుకుంటే, ఏ ఫోనులో లాగిన్ అయినా చెల్లుతుంది. కొనే ముందు అది ఒక్కటి అడుగు.

పెద్దక్క కొడుకు డాలస్‌లో టెస్లా నడుపుతాడు కదా, వాడి కథా ఇదే. టెస్లా సొంతంగా యాపిల్ వాచీకి యాప్ ఇచ్చింది 2024 డిసెంబర్‌లో. అంతకు ముందు ఏళ్ల తరబడి బయటి డెవలపర్లు చేసినవే గతి. వాడు ఐఫోనులో ఒకటి కొన్నాడు, కోడలిది ఆండ్రాయిడ్ కాబట్టి ఆమెకు ఇంకోటి కొన్నాడు. ఇప్పుడు కంపెనీదే ఉచితంగా వచ్చింది. మన దగ్గర టాటా 2022 మేలో నెక్సాన్ ఈవీ మ్యాక్స్ తెచ్చినప్పుడే వాచీతో కలిపే వీలు ఇచ్చింది. హ్యుందాయ్ బ్లూలింక్‌కీ వాచీ యాప్ ఉంది. కాబట్టి బయటి యాప్ దాకా పోకముందు, కారు కంపెనీదే ఏ వాచీల్లో పనిచేస్తుందో కనుక్కో. రెండు వేలకు దొరికే వాచీల్లో చాలావాటికి కొత్త యాప్ ఎక్కించుకునే శక్తే ఉండదు, ఫోనుకొచ్చిన మెసేజ్ చూపిస్తాయంతే. కారు కంపెనీ సేవ కూడా మొదట కొన్నేళ్లు ఉచితం, తర్వాత ఏటా రీచార్జ్. ఎన్నేళ్లు, తర్వాత ఎంత, కాగితం మీద రాయించుకో.

ఇంత చెప్పాక అసలు మాటకొస్తాను. నేను మూడుసార్లు కట్టినదాంట్లో ఒకసారి ఫోను జాతి మారినందుకు కాదు, పేరు నాది కానందుకు. మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్ల ఫోన్లు పిల్లల జీమెయిల్ మీద నడుస్తున్నాయో చూడు. భద్రాచల రామదాసు, అదే కంచర్ల గోపన్న, మన నేలకొండపల్లి బిడ్డే కదా. ఆయన కథ మనకు ఉగ్గుపాలతో తెలుసు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలై వెళ్లి తానీషాకు ఆయన కట్టాల్సిన ఆరు లక్షలూ కట్టి, రశీదు రాయించుకుని, చెరసాలలో గోపన్న తలగడ కింద పెట్టి వెళ్లారని చెప్పుకుంటాం. కట్టింది రాముడైనా రశీదు గోపన్న పేరునే రాయించాడు చెల్లీ. అందుకే గోపన్న బయటికొచ్చాడు. మనమేమో మన డబ్బు కట్టి, రశీదు ఇంకొకరి పేరున వదిలేస్తున్నాం.

రశీదే కాదు, లాగిన్ కూడా. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి కారు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నీ కనిపిస్తాయి. మా బడిలో ఒకామె సెకండ్ హ్యాండ్ కారు కొన్నది. పాత ఓనరు ఖాతా తీసేయించలేదు. నాలుగు నెలల తర్వాత తెలిసింది, ఆమె రోజూ ఎక్కడికి పోతోందో ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో కనిపిస్తూనే ఉందని. ఆమె ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఇంట్లోనూ అంతే. మీ ఆయన చూస్తే చూడనీ, కానీ నువ్వు నడిపే కారు ఖాతాలో నీ పేరూ ఉండాలి, ఆయన చూస్తున్నట్టు నీకు తెలిసి ఉండాలి. ఈ మాట నేరుగా అడగడానికి మొహమాటపడకు. బయటి యాప్‌కి కారు పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఇంటి తాళం వీధిలో ఇచ్చినట్టే. 2022 జనవరిలో డేవిడ్ కొలంబో అనే 19 ఏళ్ల జర్మనీ కుర్రాడు, అలాంటి బయటి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం వల్ల 13 దేశాల్లోని 25కు పైగా టెస్లా కార్ల తలుపులు దూరం నుంచే తీయగలిగాడు. మంచివాడు కాబట్టి కంపెనీకి చెప్పాడు.

ఇంకో రెండు మాటలు. యాప్ ఫోనులోంచి తీసేస్తే నెల నెలా కట్టేది ఆగిపోదు; ప్లే స్టోర్‌లోనో, యాపిల్ సెట్టింగ్స్‌లోనో సబ్‌స్క్రిప్షన్ల దగ్గరికెళ్లి రద్దు చేయాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలా దానంతటది కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు నీకు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌లను పండగ ఆఫర్లనుకుని తుడిచేయకు. అదే జాతి ఫోను మార్చినప్పుడు మళ్లీ డబ్బడిగితే, పాత జీమెయిల్‌తోనే లాగిన్ అయి, యాప్‌లో రిస్టోర్ అనే మాట కోసం వెతుకు. నేను మొదటిసారి అది వెతకలేదు.

వచ్చే ఆదివారం బయల్దేరు. ఖమ్మం నుంచి రెండు గంటల పైచిలుకు దారి, చార్జింగ్ నిండుగా పెట్టుకో, తాళంచెవి రొంటిన దోపుకో. వాచీ ఇంకా కొనొద్దు. నీ ఫోను తెచ్చి ఇక్కడ నా పక్కన కూర్చో, అందులో ఎవరి జీమెయిల్ ఉందో చూద్దాం. తునికి పండ్లు నీ వాటా పక్కన పెట్టాను, పైతోలు నల్లబడకముందే రా.